జడ ఎత్తిన చెయ్యి

పర్చూరులో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే జుబేదాకి మనుషుల్ని తీసెయ్యడం కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా తీసేస్తూనే ఉంది. పెళ్ళయిన నెలకే బావమరిదితో మాటలు పోతే, ఆ బావమరిది వీడియోలోంచి పోవాలి. వీడియో చేతికి అందేలోపే పెద్దల్లుడు పెద్దకూతుర్ని వదిలేస్తే, చిన్నకూతురి పెళ్ళిలో అక్షింతలు వేస్తూ నవ్విన పెద్దల్లుడు పోవాలి. కోర్టువారు విడాకులు ఇవ్వడానికి ఎన్నేళ్ళు తీసుకుంటారో గానీ, జుబేదా దగ్గర మాత్రం అవి ఒక్క పూటలో అయిపోయేవి. ఆ మనిషి మొహం మీద ఒక తామరపువ్వు విచ్చుకునేలా చేస్తే చాలు. లేదంటే బొమ్మని కాస్త ముందుకు లాగి అతన్ని అంచు అవతలికి తోసేస్తే చాలు. అలా తామరపువ్వుల కింద ఎంతమంది మేనమామలు, తోడల్లుళ్ళు పడి ఉన్నారో ఆమెకే గుర్తు లేదు. చూసినవాళ్ళు మాత్రం ఆ పువ్వుల్ని చూసి, "మిక్సింగ్ భలే చేశారే" అని మెచ్చుకునేవాళ్ళు.

బోర్డు మీద ఇప్పటికీ 'అయూబ్ వీడియోస్' అనే ఉంటుంది. అయూబ్ ఆమె భర్త. కెమెరా అతనిది, మిక్సింగ్ ఆమెది. పెళ్ళయిన కొత్తలో అతను క్యాసెట్లు సంచిలో వేసుకుని గుంటూరు పోయి, మిక్సింగ్ అయ్యేదాకా అక్కడే మూడేసి రోజులు బల్లల మీద పడుకుని వచ్చేవాడు. ఆ తిరుగుడు పడలేక ఒక పాత కంప్యూటర్ తెచ్చి ముందు గదిలో పెట్టి, "పదో తరగతి పాసయ్యావుగా, నేర్చుకో" అన్నాడు. పదో తరగతికీ మిక్సింగ్‌కీ ఏం సంబంధమో అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు. మూడు నెలల్లో నేర్చుకుంది. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆమె కళ్ళ ముందునుంచే పోయాయి. జీలకర్ర బెల్లం ఎప్పుడో, పీటల మీద ఎవరు ఎటువైపు కూర్చోవాలో, తలంబ్రాల్లో ఎవరు ముందు పోయాలో పురోహితుడి తర్వాత ఆమెకే తెలుసు. అయితే ఆ పెళ్ళిళ్ళలో ఒక్కదానికీ ఆమె వెళ్ళలేదు. మెచ్చుకోళ్ళన్నీ అయూబ్‌కి పోయేవి. దాని మీద ఆమెకి ఏ పేచీ ఉండేది కాదు. కరోనా రెండో విడతలో అయూబ్ పోయాక మాత్రం, ఎవరైనా వచ్చి "అయూబ్ మిక్సింగ్ ఇప్పటికీ తగ్గలేదండీ" అంటే ఒళ్ళు మండిపోయేది. పోయినవాడు వచ్చి కూర్చుని మిక్సింగ్ చేస్తున్నాడా మరి?

ఇప్పుడామెకి నలభై రెండు. మెడ ఎడమవైపుకి సగమే తిరుగుతుంది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండుతాయి. కూలర్ గాలి మోకాళ్ళకి తగిలితే పడదు, తగలకపోతే కంప్యూటర్ వేడికి గదిలో కూర్చోలేదు. ఇంక చాలు, వదిలేద్దామని రోజుకొక్కసారైనా అనుకుంటుంది. అనుకుని మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంటుంది. అయూబ్ దగ్గర కెమెరా పట్టుకోవడం నేర్చుకున్న త్రినాథ్ ఇప్పుడు సొంతంగా పెళ్ళిళ్ళు తీస్తూ, తీసినవన్నీ తెచ్చి ఆమె బల్ల మీదే పెడతాడు. అంతవరకు అతనికి విశ్వాసముంది.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కోటిరత్నం వచ్చింది. పక్క పల్లె మనిషి. మొగుడు యలమందయ్య తొమ్మిదేళ్ళ కిందట పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. అప్పటినుంచి కౌలుకి పత్తీ మిరపా వేసుకుంటూ, ఒక్కగానొక్క కూతురు నాగజ్యోతిని డిగ్రీ దాకా చదివించి, మాఘమాసంలో దర్శి సంబంధం చూసి పెళ్ళి చేసింది. ఆ పెళ్ళి తీసింది త్రినాథే. కోటిరత్నం కల్లంలోంచి తిన్నగా లేచి వచ్చినట్టుంది. ఆమె కొంగులోంచి వచ్చిన మిరప ఘాటుకి జుబేదా రెండుసార్లు తుమ్మింది.

"ఏందక్కా ఎండన పడి వచ్చావు? ఇంకో వారంలో ఇస్తానని త్రినాథ్‌తో చెప్పి పంపానుగా" అంది.

"ఇచ్చేలోగానే రావాలని వచ్చా జుబేదా. అందులోంచి ఒక మనిషిని తీసెయ్యాల."

జుబేదాకి నవ్వొచ్చింది. కోటిరత్నం తమ్ముడికీ పెళ్ళివారికీ భోజనాల దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చిందని త్రినాథ్ చెప్పాడు. "ఎవర్నక్కా? మీ తమ్ముణ్ణా?"

"నన్ను" అంది కోటిరత్నం.

మంచినీళ్ళు తాగి, కూలర్ ముందు కింద కూర్చుని విషయం చెప్పింది. పెళ్ళయిన పదిహేనో రోజున అల్లుడు బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. త్రినాథ్ ఫోన్లో పంపిన చిన్న వీడియో వియ్యపురాలు అప్పటికే పదిసార్లు చూసి ఉంది. పదకొండోసారి చూస్తూ, తాళి కట్టేటప్పుడు పిల్ల జడ మీద ఎవరి చెయ్యి ఉందో కనిపెట్టింది.

"ఆ ముండమోపి చెయ్యేంది జడ మీద, అందుకే నా కొడుక్కిట్టా అయింది అందంట. నా మొహాన అన్లేదు. నాగజ్యోతి ముందర అంది. పిల్ల ఆ ఇంట్లో బతకాల గదా."

"నాగజ్యోతి పంపిందా నిన్ను?"

"దానికి తెల్దు. తెలిస్తే రానిచ్చిద్దా?" కోటిరత్నం కూలర్ వైపు చూస్తూ అంది. "వీడియో ఇచ్చాక పెద్ద టీవీలో పెట్టి చుట్టాలందరికీ చూపిచ్చుకుంటారు. వచ్చినోళ్ళందరి ముందరా మళ్ళీ అదే మాట. నేను లేకపోతే ఇంక అనుకునేదానికేం ఉండదు."

ఆ బొమ్మ జుబేదాకి బాగా గుర్తుంది. తల్లి విధవరాలు కాబట్టి పీటల మీద కోటిరత్నం తమ్ముడూ మరదలూ కూర్చున్నారు. కాళ్ళు కడిగింది వాళ్ళు, కన్యాదానం చేసింది వాళ్ళు. కోటిరత్నం వెనక పందిరి స్తంభం చాటున నిలబడింది. తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి జడ ఎత్తిపట్టుకోవాల్సింది పెళ్ళికొడుకు అక్క. ఆమె సమయానికి ఏడుస్తున్న చంటిపిల్లని ఎత్తుకుని అవతలికి పోయింది. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గట్టిమేళం అన్నాడు. పూలజడ బరువుగా మెడ మీదికి జారింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని దారి దొరక్క తడుముకుంటున్నాడు. అప్పుడు స్తంభం చాటునుంచి కోటిరత్నం వంగి జడ ఎత్తింది. మూడు ముళ్ళూ పడ్డాయి. చెయ్యి వెనక్కి పోయింది. అంతా కలిపి పదకొండు సెకన్లు. మూడున్నర గంటల వీడియోలో ఆ తల్లి కూతురి పక్కన కనిపించేది ఆ పదకొండు సెకన్లే.

"అక్కా, అది తీసేస్తే నువ్వింక నీ కూతురి పెళ్ళిలో లేనట్టే. ఆలోచించుకో."

"ఆలోచిచ్చుకునే వచ్చా. నీవల్ల కాదంటే చీరాల పోతా, ఎవురో ఒకరు తీస్తారు."

తీస్తారు, అదే జుబేదా భయం. అక్కడైతే ఆ ముక్క మొత్తం కోసి అవతల పారేస్తారు. తాళి కట్టడమే లేని పెళ్ళి వీడియో ఇచ్చి పంపిస్తారు. సరేనంది. అన్నందుకు ఆ రోజంతా తన మీద తనకే కోపంగా ఉంది.

తామరపువ్వు ఇక్కడ పనికిరాలేదు. పువ్వు పెడితే తాళి కనపడదు. బొమ్మని ముందుకు లాగితే పెళ్ళికొడుకు సగం పోతాడు. త్రినాథ్ వచ్చి చూసి, "మన సాఫ్ట్‌వేర్‌లోనే ఇంకో పేజీ ఉంది వదినా. నోడ్స్ అంటారు. సినిమాలోళ్ళు మనుషుల్ని తీసేది దాంట్లోనే" అన్నాడు.

"నీకొచ్చా?"

"నాకా! ఒకసారి తెరిచి చూసి మూసేశా."

మర్నాడు వంట ముగించి ఆమె తెరిచింది. బూడిదరంగు మైదానం. అందులో ఒక మూల ఒక చిన్న పెట్టె, ఇంకో మూల ఇంకో పెట్టె, మధ్యలో ఒక తీగ. అంతే. ఇరవై ఏళ్ళుగా ఆమెకి తెలిసిన మిక్సింగ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడం. అరలో చీరలు పేర్చినట్టే, పైన ఏముంటే అదే కనిపిస్తుంది. ఇక్కడ పైనా లేదు, కిందా లేదు. బొమ్మ మొదటి పెట్టెలోంచి బయల్దేరి తీగ వెంట పోతుంది. దారిలో ఏం చెయ్యాలంటే అది చేసే పెట్టెని మనమే తెచ్చి పెట్టాలి. అన్నీ అయ్యాక చివరి పెట్టెలోంచి బయటికొస్తుంది. నలభై రెండేళ్ళ వయసులో మళ్ళీ అఆల దగ్గర మొదలుపెట్టడమంటే ఎంత విసుగో కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ఒకడు హిందీలో నేర్పుతున్నాడు. వాడికి ఎక్కడికో రైలుకి టైమయిపోతున్నట్టు మాట్లాడతాడు. ఇంగ్లీషులో ఒకాయన నింపాదిగానే చెబుతాడు గానీ సగమే అర్థమవుతుంది. తెలుగులో ఒక కుర్రాడు దొరికాడు. వాడు ప్రతి మాటకీ 'బ్రో' అంటాడు. ఆ 'బ్రో'ని భరించి, ఒక్కో వీడియో నాలుగేసి సార్లు చూసి, పాత నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది. 'మెర్జ్ అంటే రెండు బొమ్మల్ని కలిపేది. పసుపు తీగ వెనకుండే బొమ్మది. పచ్చ తీగ ముందుండే బొమ్మది. నీలం తీగ ఎంతమేర అన్నది.' రాసుకుని కూడా మొదటిరోజే పసుపూ పచ్చా తారుమారు చేసింది. పందిరి గుడ్డ ఒక్కటే మిగిలి, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పురోహితుడు, మేళగాళ్ళు, వెనకున్న జనం అందరూ ఒక్క దెబ్బకి మాయమయ్యారు. తెర మీద ఒట్టి గుడ్డ గాలికి ఊగుతోంది. ఆ ప్రశాంతత ఎంత బాగుందంటే, జుబేదా కాసేపు సరిచెయ్యకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

మనిషిని తీసెయ్యాలంటే ఆ మనిషి రాకముందు ఆ చోటు ఎలా ఉందో ముందు వెతికి పట్టుకోవాలి. ఆరు నిమిషాలు వెనక్కి వెళ్తే దొరికింది. స్తంభం, బంతిపూల దండ, పందిరి గుడ్డ. ఆ ఒక్క బొమ్మని పట్టి నిలబెట్టి, కోటిరత్నం ఉన్న మేరకి దాన్ని అతికించాలి. ఎంత మేరకన్నది చుక్కలు చుక్కలుగా గీత గీసి చెప్పాలి. త్రినాథ్ చుట్టూ జనం తోసుకుంటుంటే కెమెరా కదిలిపోయింది కాబట్టి, అతికించిన ముక్క కూడా ఆ కదలికతో పాటే కదలాలి. దానికి ఒక పెట్టె ఉంది. అది నాలుగింట మూడొంతులు సరిగ్గా చేస్తుంది, మిగతాది చేత్తో చెయ్యాలి. సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు, పదకొండు సెకన్లకి రెండొందల డెబ్బై అయిదు. పూలజడలోని మల్లెమొగ్గల అంచు ఒక్కో బొమ్మలో ఒక్కోలా ఉంటుంది. రోజుకి నలభై చేస్తే గొప్ప. కరెంటు పోయిన రోజు అవీ ఉండవు. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రానికి కళ్ళు మూసుకున్నా మల్లెమొగ్గలే కనిపించేవి.

దాచుకోవడమెందుకు గానీ, ఆ పని ఆమెకి ఇష్టంగానే ఉండేది. ఒక పెట్టెకి ఇంకో పెట్టె కలిపి, కలిపినచోట బొమ్మ కుదిరినప్పుడు, అయూబ్ ఉండగా మొట్టమొదటి మిక్సింగ్ పూర్తి చేసిన రోజున కలిగిన సంతోషమే మళ్ళీ కలిగేది. వెంటనే తను తుడుస్తున్నది ఎవరినో గుర్తొచ్చి సిగ్గేసేది. బొమ్మ బొమ్మకీ ఆగి ఆగి చూడటంతో కోటిరత్నం మొహం ఆమెకి కంఠతా వచ్చేసింది. జడ ఎత్తినప్పుడు ఆమె తాళివైపు చూడలేదు, అల్లుడివైపూ చూడలేదు. కూతురి మెడ వెనక చూస్తోంది. ఏదో అంటోంది కూడా. మేళాల హోరులో ఏమందో వినపడదు. తెలుసుకుని ఏం చేస్తాం, పోయే మనిషే కదా అనుకుంటూ జుబేదా తర్వాతి బొమ్మకి జరిగేది.

తొమ్మిదో రోజుకి పూర్తయింది. అంచుల్లో వంక లేదు. దండ కలిసింది, గుడ్డ మడతలు కలిశాయి, స్తంభం నిటారుగా నిలబడింది. త్రినాథ్‌ని పిలిచి చూపించింది. అతను మొదటిసారి చూసి నోరు తెరిచాడు. రెండోసారి చూసి ముందుకి వంగాడు.

"వదినా, మనిషి పోయింది సరే. జడేంది, గాల్లో లేచింది?"

నిజమే. తాళి దగ్గరికొచ్చేసరికి పూలజడ తనంతట తనే లేచి, గాలిలో నిలబడి, మూడు ముళ్ళూ పడ్డాక తనంతట తనే కిందికి దిగుతోంది. తొమ్మిది రోజులు అంచులు చూసుకుంటూ ఆమె ఆ సంగతే గమనించలేదు. త్రినాథ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. జుబేదా కూడా నవ్వింది. నవ్వి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మెడ పట్టుకుని కూర్చుండిపోయింది. మనిషిని ఎలా తీసెయ్యాలో ముగ్గురు గురువులూ చెప్పారు. ఆ మనిషి చేసిన పనిని ఏం చెయ్యాలో ఒక్కడూ చెప్పలేదు.

జడని ఎవరో ఒకరు ఎత్తాలి. పెళ్ళికొడుకు అక్క ఎక్కడైనా చెయ్యి చాపిందేమోనని మూడున్నర గంటలూ వెతికారు. ఆవిడ పెళ్ళంతా చంటిపిల్లని ఎత్తుకునే తిరిగింది. "కొత్తగా ఒక చెయ్యి తీసి అతికిద్దాం వదినా" అన్నాడు త్రినాథ్. "వెనక నిలబడ్డ ఆడాళ్ళ మధ్యలోంచి వచ్చినట్టు. ముత్తైదువ చెయ్యి. ఎవరని ఎవరడుగుతారు?"

పక్కింట్లో బట్టలు కుట్టుకునే షాజాదీ జుబేదాకి ఆడబిడ్డ, అయూబ్ చెల్లెలు. మర్నాడు పొద్దున, పెళ్ళిలో ఎండ పడిన వైపుకే ఎండ వచ్చే వేళ చూసుకుని, ఇద్దరూ డాబా ఎక్కారు. దండేనికి పచ్చ దుప్పటి కట్టారు. పచ్చగా ఉన్నదంతా కంప్యూటర్ తీసేసి చెయ్యి ఒక్కటే మిగులుస్తుంది. జడకి బదులు తువ్వాలుని చుట్టి వేలాడదీశారు. షాజాదీ తన బట్టల మీదే ఎర్రపట్టుచీర చుట్టుకుని, చేతినిండా ఎర్రగాజులు వేసుకుని ఉత్సాహంగా నిలబడింది. మొదటిసారి తువ్వాలుని బావిలోంచి చేద లాగినట్టు లాగింది. రెండోసారి సిగ్గుపడి రెండు వేళ్ళతో పట్టుకుంది. ఆరుసార్లు తీశారు. ఒక్కసారీ కుదరలేదు.

"అట్టా కాదే. ముందు బొటనవేలు లోపలికి పోవాల. ఒక్క క్షణం ఆగి బరువు చూసుకుని అప్పుడు లేపిద్ది. లేపాక ఒకసారి చెయ్యి వణుకుద్ది, అప్పుడు ఇంకొంచెం పైకి పట్టుకుంటది."

"అన్నీ నీకే తెలిస్తే నువ్వే చెయ్యి వదినా" అని షాజాదీ విసుక్కుంది. అన్న తర్వాత గానీ ఏమందో ఆమెకి తట్టలేదు. తట్టాక నాలిక కరుచుకుంది.

జుబేదా దుప్పటి మీద పడిన ఎండవైపు చూసింది. ఆ పదకొండు సెకన్లు ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఎండ జరిగిపోతోంది. "గాజులిటివ్వు" అంది.

అయూబ్ పోయిన మూడోరోజున ఆమె గాజులు తీసేశారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, వాళ్ళలోనూ అలాగే చేస్తారు కాబట్టి చేశారు. మళ్ళీ వేసుకోవాలని ఆమెకీ అనిపించలేదు, వేసుకోమని ఎవరూ అనలేదు. ఈ నాలుగేళ్ళలో చెయ్యి సన్నబడింది. షాజాదీ గాజులు సబ్బు లేకుండానే ఎక్కాయి. ఎర్రపట్టుచీర పైన చుట్టుకుని పచ్చ దుప్పటి ముందు నిలబడి, తల తిప్పకుండా, "తియ్యి" అంది. ఎంతసేపటికీ షాజాదీ తియ్యలేదు. చూస్తే ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది.

"నిన్నిట్టా చూసి నాలుగేళ్ళయింది వదినా."

"ఏడవబాకే, ఫోన్ కదులుద్ది" అంది జుబేదా.

ఒక్కసారికే కుదిరింది. కిందికి వచ్చి గాజులు తీసి షాజాదీకి ఇచ్చేసి పనిలో కూర్చుంది. పచ్చదనం తీసే పెట్టె ఒకటి, రంగు కలిపే పెట్టె ఒకటి, కదలిక ఇచ్చే పెట్టె ఒకటి, వాటన్నిటినీ పెళ్ళితో కలిపే మెర్జ్ ఒకటి. ఈసారి పసుపూ పచ్చా తడుముకోలేదు. మూడు రోజుల తర్వాత తెర మీద ఎర్రగాజుల చెయ్యి ఒకటి ఆడవాళ్ళ గుంపులోంచి వచ్చి పూలజడని ఎత్తింది. బరువుకి కాస్త వణికింది. గాజులు మోచేతివైపు జారాయి. అది అతికించిందని త్రినాథ్ కూడా చెప్పలేకపోయాడు. జుబేదా కోటిరత్నానికి ఫోన్ చేసింది.

కోటిరత్నం పొద్దున్నే వచ్చింది. ఈసారి కూలర్ దగ్గర కూర్చోలేదు, కుర్చీ లాక్కుని తెర ముందే కూర్చుంది. మొదటిసారి చూసి ఇంకోసారి పెట్టమంది. రెండోసారి చూసి, "ఏంది, నేను నిజంగానే లేను" అంది. కింద ఉన్న పెట్టెల్నీ తీగల్నీ చూపించి, "ఇయ్యేంది, పొలంలో డ్రిప్పు పైపుల్లాగా?" అని అడిగింది.

"అట్టాంటిదే అక్కా. ఈ మొదటి పెట్టెలోంచి బొమ్మ వచ్చిద్ది. ఇక్కడ నువ్వు పోతావు. ఇక్కడ ఆ చెయ్యి వచ్చి కలిసిద్ది. ఆ చివర బయటికొచ్చిద్ది."

"మరి నేను యాడికి పోయా?"

"యాడికీ పోలేదు. మొదటి పెట్టెలోనే ఉన్నావు. ఈ తీగ పీకితే మళ్ళీ వస్తావు."

కోటిరత్నం తలూపింది. డ్రిప్పు పైపులు పీకి పెట్టిన మనిషికి అది వింతగా అనిపించలేదు. మళ్ళీ తెరవైపు చూసింది. "చెయ్యి మాత్రం నిండుగా ఉంది. కళగల ముత్తైదువ చెయ్యి. ఎవరిదే? యాడ తెచ్చావు?"

ఫోన్లో ఎక్కడో దొరికిందని చెప్పొచ్చు. పన్నెండు రోజుల పని మీద ఆ చిన్న అబద్ధం అతికించడం పెద్ద కష్టమేం కాదు. కానీ జుబేదా చాలా అలిసిపోయి ఉంది. "నాదే అక్కా" అంది.

కోటిరత్నం తెర మీంచి చూపు తిప్పి, మౌస్ మీదున్న జుబేదా చేతిని చూసింది. బోడి చెయ్యి. మణికట్టు ఎముక పైకి తేలి ఉంది.

"గాజులు షాజాదీవి. ఇంకెవరి చెయ్యీ కుదర్లేదక్కా. నీకు తప్పనిపిస్తే..."

"ఉండు" అంది కోటిరత్నం. "అంటే, ఒక ముండమోపి చెయ్యి తీసి ఇంకో ముండమోపి చెయ్యి పెట్టావా?"

జుబేదా మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దీన్ని చూసి మా వియ్యపురాలి చుట్టాలు ఏమంటారు?"

"ఏమంటారు? ముత్తైదువ అనుకుంటారు. ఇప్పుడు నువ్వనుకున్నావుగా."

కోటిరత్నానికి నవ్వొచ్చింది. మొదట చిన్నగా మొదలై, తర్వాత ఆపుకోలేక కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వింది. నవ్వు ఏడుపులోకి ఎప్పుడు దిగిందో ఆమె చూసుకోలేదు. కల్లంలో మిరపకాయలు ఎత్తిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. అవి భగ్గున మండి ఇంకా ఏడ్చింది. జుబేదా పరుగున చెంబుతో నీళ్ళు తెచ్చి తన కొంగు తడిపి ఇచ్చింది. ఆ తడికొంగు కళ్ళకి అద్దుకుంటూనే కోటిరత్నం అంది.

"నాలుగు గాజులకా జుబేదా? నాలుగు గాజులు లేవనా నా బిడ్డ పెళ్ళిలో నేను లేకుండా పోవాల? దానికి పుట్టిన దగ్గర్నించి జడ ఏసింది ఈ చెయ్యే. దాని నాన్న పోయిన రోజు కూడా ఈ చెయ్యే ఏసింది. అప్పుడు లేని దోషం ఆ ఒక్క నిమిషం ఎట్టా వచ్చిద్ది? పీకు ఆ తీగ."

"నీ వియ్యపురాలు?"

"అడిగితే నా చెయ్యేనంటా. మీ అమ్మాయి పిల్లనెత్తుకుని పోతే నేను ఎత్తానంటా. నేనెత్తకపోతే తాళి యాడ కట్టేవాడు నీ కొడుకని కూడా అంటా. పీకు."

జుబేదా తీగ పీకింది. పన్నెండు రోజుల పని ఒక్క క్లిక్కుతో పోయింది. స్తంభం చాటునుంచి కోటిరత్నం వంగి వచ్చి కూతురి జడ ఎత్తింది. కళ్ళు మండుతున్నా రెప్ప వెయ్యకుండా చూసింది కోటిరత్నం. మళ్ళీ వెయ్యమంది. నాలుగుసార్లు వేయించుకుంది.

"ఆ టయాన నువ్వేదో అంటున్నావక్కా. ఏమన్నావు?" అని అడిగింది జుబేదా.

"ఏమో. బరువుగా ఉందా అమ్మా అన్నానేమో. అంత పూలజడ ఎందుకురా అంటే ఇన్లేదు గదా ఆ పిల్ల."

ఆటో టైమయిందని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు తొడుక్కుంటూ ఆగి, జుబేదా చేతివైపు మళ్ళీ చూసింది.

"ఆ గాజులు ఏం చేశావు?"

"షాజాదీకి ఇచ్చేశా."

"ఎందుకిచ్చావే?" అంది కోటిరత్నం.

జవాబు కోసం ఆగకుండా ఎండలోకి నడిచిపోయింది. జుబేదా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది గానీ, చాలాసేపు మౌస్ ముట్టుకోలేదు.